మరుగున పడ్డ నట్లు

నేను ఒక సీటుని. తొందరపడి రుమాలు వెయ్యకండి, బస్సు సీటుని కాదు. కౌన్సెలింగులో రాలేదని ఇంటిల్లిపాదీ అన్నం మానేసే సీటునీ కాదు. ఎన్నికల సీటుని అంతకన్నా కాదు. అక్కడ సీటు దక్కనివాళ్ళు డిపాజిట్లు పోగొట్టుకుంటారు, నా దగ్గర సీటు దక్కినవాళ్ళే డిపాజిట్లు వదిలిపెట్టి పోతారు. ఆఁ, ఇప్పుడు అర్థమైంది కదా! ముక్కు మూసుకోనక్కర్లేదు, మీ చేతిలో ఉన్నది కాగితమే. కమోడు మీద గుండ్రంగా, తెల్లగా, మూత పెట్టుకుని కూర్చునే సీటుని నేను. ఒక రకంగా పీఠాన్ని. రోజూ పొద్దున్నే నన్ను అధిష్ఠించి లోకం మీద అభిప్రాయాలు ప్రకటించే పీఠాధిపతి ఒకాయన ఉండేవారు. ఈ కథ నాదే కానీ, ఇందులో దెబ్బతిన్నవాళ్ళు ఆయనా, ఆయన భార్యా.

ముందు నా జననం. ఊరిబయట ఓ ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో తెల్లటి గింజల్ని కాచి, అచ్చులో పోసి, చల్లార్చి నన్ను బయటికి తోశారు. పుట్టుకతోనే నాకు నడిమధ్య ఖాళీ. మనుషులకి అది నడివయసులో గానీ రాదు. నాతోపాటు ఓ పొట్లం పెట్టారు. అందులో రెండు ఇనప బోల్టులు, రెండు నట్లు, బోల్టుల తలలు కనపడకుండా కప్పడానికి రెండు తెల్లటి టోపీలు. ఓ కాగితం కూడా ఉండేది. నన్నెలా బిగించాలో, అవసరం పడితే ఎలా విప్పాలో బొమ్మలు వేసి మరీ చెప్పిన కాగితం. నేను కాకినాడ దుకాణానికి చేరిన మూడో రోజున ఆ కాగితం మీద మిరపకాయ బజ్జీలు పెట్టుకుని తిన్నారు. బిగించే విద్య, విప్పే విద్య రెండూ నూనెలో కలిసిపోయాయి.

దుకాణంలో నాది చిత్రమైన బతుకు. చెప్పులు కొనేవాళ్ళు తొడిగి చూస్తారు, చొక్కా కొనేవాళ్ళు భుజానికి ఆనించి చూస్తారు. నన్ను మాత్రం వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, నవ్వు ఆపుకుంటూ పక్కకి తిరుగుతారు. అలా తట్టించుకుంటూ ఉండగా ఓ రోజు తోట పట్టాభిరామయ్యగారు, ఆయన భార్య మంగతాయారుగారు వచ్చారు. కొత్తగా కొనుక్కున్న ఫ్లాటుకి సామాన్లు చూసుకుంటున్నారు. ఉన్నది ఒకటే పడగ్గది, ఒకటే బాత్రూము. పిల్లల్లేరు కనక చాలనుకున్నారు.

కమోడుని ఎంచింది తాయారుగారే. మామూలు కమోడుకి పక్కలన్నీ వంపులూ సందులూ కనిపిస్తుంటాయి. ఆవిడ ఎంచినదానికి అవేమీ లేవు. కుచ్చిళ్ళు నేలదాకా దిగినట్టు నున్నగా కిందికి దిగిపోయింది.

“ఇదైతే తుడుచుకోడం సుఖమండి, సందుల్లో మురికి చేరదు” అన్నారావిడ.

నిజమే. సందులన్నీ వెనక్కి పోయాయి. నన్ను పట్టుకునే నట్లు కూడా ఆ నునుపు వెనకాల, కమోడుకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళ సందులో, లోపలి గుంటలోకి పోయాయి. కంటికి ఆనవు, చెయ్యి వంకరగా దూరిస్తే తగులుతాయి. మరుగుదొడ్డిలో కూడా మరుగున ఉండే భాగ్యం ఆ రెండు నట్లదే.

నన్ను బిగించడానికి దుకాణంవాళ్ళు పంపిన ప్లంబరు కొండబాబు వచ్చాడు. బిగించాక తాయారుగారికి సందేహం వచ్చింది. కొత్త వస్తువు ఇంటికొస్తే పసుపురాసి బొట్టు పెట్టడం ఆవిడకి అలవాటు. ఫ్రిజ్జుకి పెట్టారు, మిక్సీకి పెట్టారు, ఆఖరికి దుమ్ము చేటకి కూడా పెట్టారు. మరి దీనికి?

“ఇక్కడ పెడతావేంటే తాయారూ! కూర్చున్నవాడికి అంటుకుంటుంది” అన్నారు పట్టాభిగారు.

“అయితే ఆ పైనున్న ట్యాంకుకి పెడతాను లెండి. నీళ్ళు ఉంటాయి గదా, గంగమ్మే.”

అలా ఫ్లష్ ట్యాంకు గంగమ్మ అయింది. నేను నేనుగా మిగిలాను.

ఇప్పుడు పట్టాభిగారి గురించి చెప్పాలి. పేరులోనే పట్టు ఉంది, మనిషిలోనూ అంతే. విడుపు ఆ ఇంటిపేరులోనూ లేదు. బస్సు డిపోలో స్టోర్సు గుమస్తాగా ముప్ఫై ఏళ్ళు చేశారు. నట్లు, బోల్టులు, పానాలు కిటికీలోంచి మెకానిక్కులకి అందించడం ఆయన పని. అందించడమే తప్ప బిగించి ఎరగరు. కానీ ముప్ఫై ఏళ్ళు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డవాడు తనకి వంటొచ్చనుకున్నట్టు, తనకి మెకానిజం మొత్తం వచ్చని ఆయన నమ్మకం. ఇంట్లో ఏది పాడైనా బయటివాణ్ణి పిలవరు. నా మీద కూర్చుని అన్నీ విసర్జించేవారు, ఆ ఒక్క అహాన్ని తప్ప.

ఆయన బాగుచేసిన గ్రైండరు తిరిగేది, రుబ్బేది కాదు. ఆయన బిగించిన ట్యూబులైటు వెలగాలంటే పక్కగదిలో స్విచ్చి వెయ్యాలి. తాయారుగారు మాత్రం ఒక్కనాడూ పన్నెత్తి మాటనలేదు. ఎవరైనా నవ్వబోతే ఊరుకునేవారు కాదు. ఆ సంగతీ నాకు తెలుసు. ఆవిడ బాత్రూము తలుపు దగ్గర నిలబడి ఫోన్లో పుట్టింటివాళ్ళతో మాట్లాడిన ఆఖరి మాటలు నేను విన్నాను.

ఆవిడ పుట్టిల్లు సామర్లకోట. అన్నగారు వీరభద్రంగారు. ఎనిమిదేళ్ళ కిందట వాళ్ళమ్మగారి సంవత్సరీకానికి ఇద్దరూ వెళ్ళారు. అంతకుముందు సంవత్సరం పట్టాభిగారు సరదాపడి ఆ ఇంట్లో హాల్లో ఓ ఫ్యాను బిగించారు. బంతిలో అందరూ కూర్చున్నాక వీరభద్రంగారు పైకి చూసి, “ఒరేయ్, మా బావగారు బిగించిన ఫ్యాను కింద ఎవరూ కూర్చోకండ్రోయ్, ఈయేటి తద్దినం మీకే పెట్టాల్సొస్తది!” అన్నారు. యాభైమంది నవ్వారు. పట్టాభిగారు కూడా నవ్వేశారు. తాయారుగారు నవ్వలేదు. పెరుగన్నం కలుపుతున్న చెయ్యి అలాగే పట్టుకుని లేచి, “నా మొగుడి చేతిపని ఎగతాళయిన ఇంట్లో నాకు మెతుకు దిగదన్నయ్యా” అని వచ్చేశారు. ఆ మర్నాడు ఫోనొస్తే, మళ్ళీ ఆ గడప తొక్కనని చెప్పి పెట్టేశారు. ఆవిడ అన్నంత పనీ చేశారు.

ఈ ఇంటికొచ్చిన రెండో ఏడు నేను కొంచెం కదలడం మొదలుపెట్టాను. సీటు కదలడం రాజకీయాల్లో మామూలే, బాత్రూములో ప్రమాదం. ఓ రోజు తాయారుగారు కూర్చోబోతే నేను పక్కకి జారాను. ఆవిడ కొళాయి పట్టుకుని నిలదొక్కుకున్నారు కానీ మోచెయ్యి కమిలిపోయింది. పట్టాభిగారు ఆ కమిలిన చోట చూశారు. ఆదివారం పూట తెల్ల సిమెంటు తెచ్చారు. పెరుగు తోడేసే గిన్నెలో దాన్ని కలిపారు. ఆ గిన్నె గురించి తరవాత ఇంట్లో జరిగిన యుద్ధం వేరే కథ. బాత్రూము నేలమీద బోర్లా పడుకుని, చెంప గచ్చుకి ఆనించి, గోడ సందులోంచి చెయ్యి దూర్చి, పిడికెడు పిడికెడు చొప్పున ఆ సిమెంటుని నా నట్ల చుట్టూ కూరారు. గుంట నిండేదాకా కూరారు. నట్లూ, బోల్టుల కొసలూ, గుంటా, నేలా అన్నీ ఒక్క ముద్దయిపోయాయి. లేచి నిలబడి, మోచేతిదాకా తెల్లగా ఉన్న చేత్తో నన్ను ఊపి చూశారు. నేను కదల్లేదు.

“ఇంక చూస్కో తాయారూ, భూకంపం వచ్చినా ఇది కదల్దు. కళ్ళు మూసుకుని కూర్చో.”

ఆవిడ కూర్చుని చూసి నవ్వారు. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆయన చేసిన రిపేరుల్లో నిజంగా పనిచేసింది అదొక్కటే. విచిత్రం ఏమిటంటే, చేసిన చెత్త పనులన్నీ పదిమందికీ చెప్పుకునే ఆ మనిషి ఈ ఒక్క మంచి పనిని మాత్రం పూర్తిగా మర్చిపోయారు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. కిందటి నెల తాయారుగారు బాల్కనీలో తడి బట్టలు ఆరేస్తూ జారిపడ్డారు. ఎడమ తుంటి కీలు విరిగింది. ఆసుపత్రిలో పాత కీలు తీసేసి స్టీలుది వేశారు. కీలు నాకూ ఉంది, నా మూతకీ నాకూ మధ్య. నా కీలుకీ ఆవిడ కీలుకీ తేడా ఏమిటంటే, ఆవిడది విప్పి కొత్తది వెయ్యడం డాక్టరుకి తెలుసు. నన్ను విప్పాల్సింది పట్టాభిగారు.

విప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, డాక్టరు ఒక షరతు పెట్టారు. మూడు నెలలపాటు ఆవిడ పల్లంలో కూర్చోకూడదు. మోకాలు తుంటికన్నా పైకి లేస్తే కొత్త కీలు జారిపోతుంది. ఇంట్లో ఎత్తు సీటు బిగించి ఉంటేనే ఇంటికి పంపుతాను, లేకపోతే అలాంటి ఏర్పాటున్న ఇంకెక్కడికైనా తీసుకెళ్ళండి అన్నారు. సోమవారం పదకొండు గంటలకి డిశ్చార్జి.

ఇంకెక్కడికైనా అంటే ఒక్కటే చోటు. సామర్లకోటలో వీరభద్రంగారి ఇల్లు. నేలమీది ఇల్లు, పెద్ద బాత్రూము. వాళ్ళత్తగారికి కాళ్ళు పడిపోయినప్పుడు గోడలకి పట్టుకునే కడ్డీలు, ఎత్తు సీటు అన్నీ పెట్టించారు. ఆసుపత్రికి ఆయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారట. రెండుసార్లూ తాయారుగారు గోడవైపు తిరిగి పడుకున్నారట.

కుర్చీ కమోడు కొనుక్కుంటే సరిపోతుంది కదా అని మీకు తోచి ఉండవచ్చు. పట్టాభిగారికీ తోచింది. తెచ్చారు కూడా. కానీ బాత్రూము తలుపు ఇరుకు, గడప ఎత్తు. అది లోపలికి దూరలేదు. పడగ్గదిలో పెట్టుకోవాలి. ఆ పడగ్గదిలోనే గూట్లో దేవుడు. ఫోన్లో ఆ మాట చెప్పగానే తాయారుగారి గొంతు బాత్రూములోకి వినిపించింది.

“దేవుడి కళ్ళెదురుగానా? నేనా? మీకేమైనా మతి పోయిందా అండీ? ఆ మనిషి ఇంటికైనా పోతాను గానీ, కాదు, అక్కడికీ పోను. దేవుడి ముందు ఆ పనీ చెయ్యను, అన్నయ్య ముందు తలా దించను. నాకు మనింటికి రావాలని ఉంది. ఎలాగోలా ఆ సీటు పెట్టించండి.”

“పెట్టించడమేంటి, నేనే పెడతాను. సోమారం పొద్దున్నకి రెడీగా ఉంటది. ఒట్టు.”

కొత్త సీటు వచ్చింది. ఆరంగుళాల ఎత్తు, రెండు పక్కలా చేతులు. సింహాసనం లాగే ఉంది. నా కన్నాల్లోనే దాని బోల్టులు దూరాలి. నేను దిగితేనే అది ఎక్కుతుంది. దిగడానికి నేను సిద్ధమే. సీటు వదలని మనుషుల గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. మనుషుల్ని వదలలేని సీటు గురించి ఇప్పుడే వింటున్నారు.

శనివారం పొద్దున్న పట్టాభిగారు లుంగీ ఎగగట్టి స్క్రూడ్రైవరుతో వచ్చారు. అసలు నన్నెక్కడ బిగించారో కనిపెట్టడానికే అరగంట పట్టింది. తెల్లటి టోపీలు నాలో కలిసిపోయి ఉన్నాయి. కూరగాయల కత్తితో గీకగా ఓ టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. కింద బోల్టు తల తుప్పుపట్టి, ఇటుకరంగులో ఉంది. స్క్రూడ్రైవరు ఆనించి బలంగా తిప్పారు. గాడి అరిగిపోయింది. ఇంకా బలంగా తిప్పారు. గాడి చెరిగిపోయింది. కొబ్బరినూనె పోశారు. కిరసనాయిలు పోశారు. వంటింట్లోంచి చింతపండు పులుసు తెచ్చి అదీ పోశారు. పోపు ఒక్కటే తక్కువ.

తరవాత కింది నట్టు విప్పుదామని నేలమీద పడుకుని గోడ సందులో చెయ్యి దూర్చారు. అక్కడ నట్టు తగల్లేదు. రాయి తగిలింది.

“ఇదేంటిది! కంపెనీ వెధవలు నట్టే పెట్టలేదేంటి!”

నా నోరు పుట్టినప్పటినుంచీ తెరుచుకునే ఉంది. మాట ఒక్కటి రాదు. ‘అయ్యా, అది మీ చేతి సిమెంటే, మీ భార్య మోచెయ్యి కమిలినందుకు మీరే కూరారు’ అని ఎలా చెప్పను? ఆయన చెంప తొమ్మిదేళ్ళ కిందట ఆనిన పలకమీదే మళ్ళీ ఆనింది. అయినా గుర్తురాలేదు.

జన్మలో మొదటిసారి ప్లంబరుకి ఫోను చేశారు. స్పీకరులో కొండబాబు గొంతు.

“ఆయ్, చెప్పండి మాస్టారూ.”

“నువ్వు బిగించిన సీటుకి నట్టు లేదోయ్.”

“భలేవారండీ బాబూ! నట్టు లేకుండా ఇన్నేళ్ళు ఎలా నిలబడతాదండీ, మొహమాటానికాండీ? నేను బిగించినప్పుడు చేతికందేదండి. ఇప్పుడేం తగులుతోందండి?”

“రాయిలా తగుల్తోంది.”

“అయితే ఎవరో తెల్ల సిమెంటు కూరేశారండి. చదువుకున్న వెధవెవడో అయ్యుంటాడు లెండి, మావాళ్ళెవరూ ఆ పని చెయ్యరండి.”

పట్టాభిగారు సందులోంచి చెయ్యి మెల్లిగా బయటికి తీసి, మోచేతిదాకా అంటుకున్న దుమ్ముని చూసుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. ఆయన మొహం సిమెంటుకన్నా తెల్లబోయింది.

“ఎవడో వెధవే” అన్నారు చివరికి. “నువ్వొచ్చి చూడు కొండబాబూ.”

“యానాంలో ఉన్నానండి, మంగళారం గానీ రాలేనండి. సోమారానికి కావాలా? అయితే మాస్టారూ, ఆక్సా బ్లేడు తెచ్చుకుని, సీటుకీ పింగాణీకీ మధ్యన పెట్టి, బోల్టుని నిదానంగా కొయ్యండి. రోజంతా పట్టినా సరే నిదానంగా కొయ్యండి. సుత్తీ ఉలీ మాత్రం ముట్టుకోకండి. కిందంతా సిమెంటుతో ఒకటే ముద్దయిపోయింది గదండీ, పైన కొడితే నేలలో గొట్టందాకా పోతాదండి.”

“నాకు చెప్తావేంటోయ్, ముప్ఫై ఏళ్ళు డిపోలో చేశాను” అన్నారు పట్టాభిగారు. కానీ గొంతులో మునుపటి బిగి లేదు.

ఆదివారం ఫలహారం ముగించి కోత మొదలుపెట్టారు. ఒక్కొక్క కోతకీ వెంట్రుకవాసి లోతు. చెమట ధారలు నా మీద పడ్డాయి. వేళ్ళు బొబ్బలెక్కాయి, గుడ్డ చుట్టుకున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి టక్కుమని కుడివైపు బోల్టు తెగింది. నేను ఒక పక్కకి లేచాను. పట్టాభిగారు గచ్చుమీద కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వారు. వెంటనే ఆసుపత్రికి ఫోను.

“తాయారూ, ఒకటి తెగింది! ఒకటే మిగిలింది!”

“చెయ్యి జాగ్రత్తండీ. అన్నం తిన్నారా?” అని, పక్కకి తిరిగి ఎవరితోనో అనడం స్పీకరులో వినిపించింది: “మా ఆయనేనమ్మా. సీటు ఆయనే మారుస్తున్నారు. ఎవర్నీ పిలవరు, అన్నీ ఆయన చేత్తోనే.” ఆ గొంతులో గర్వం ఉంది. నా మొత్తం జీవితంలో నేను ఆశపడింది ఆ ఒక్క పూటే.

ఎడమ బోల్టు గోడ మూల ఉంది. దాని పక్కనే ట్యాంకుకి నీళ్ళెక్కే గొట్టం. బ్లేడు ఆడడానికి రెండు వేళ్ళ చోటు కూడా లేదు. అంగుళం ముందుకి, అంగుళం వెనక్కి. బ్లేడు విరిగింది. ఇంకోటి విరిగింది. మూడోది విరిగి ఆయన బొటనవేలు కోసింది. నాలుగు గంటలయింది. బోల్టు మీద పడ్డ గాటు గోటితో గీసినంత ఉంది. నట్టేట మునగడమంటే ఏటిదాకా పోనక్కర్లేదు, ఒక నట్టు చాలు.

అప్పుడు వీరభద్రంగారి ఫోను.

“బావా, ఇందాకే ఆసుపత్రి నుంచొచ్చాను. చెల్లి నాతో మాట్లాడలేదు గానీ, డాక్టరు చెప్పాడు. కారు పంపిస్తాను, ఇక్కడికే తీసుకొచ్చేద్దాం. వాళ్ళ వదిన గది కూడా సర్దేసింది. నువ్వు కూడా వచ్చెయ్యి.”

“అవసరం లేదు బావగారూ. అయిపోయింది. ఇంకో పది నిమిషాల్లో కొత్త సీటు బిగించేస్తాను.”

“నువ్వే చేస్తున్నావా?”

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. నేను విన్నాను, ఒట్టు, అందులో భయమే ఉంది. కానీ పట్టాభిగారి చెవికి అందులో యాభైమంది నవ్వు వినిపించినట్టుంది. ఫోను పెట్టేసి, ఇనపపెట్టెలోంచి ఉలీ సుత్తీ తీశారు.

ఉలి కొస బోల్టు తల కింద ఆనించారు. సుత్తి ఎత్తి, మళ్ళీ దించారు. కొండబాబు మాట గుర్తొచ్చిందనుకుంటాను. గడియారం వైపు చూశారు. మళ్ళీ ఎత్తారు.

ఒక్కటే దెబ్బ.

బోల్టు తెగలేదు. నా కింద కమోడు పలికింది. కొబ్బరికాయ కొట్టినప్పటి చప్పుడు. బోల్టు కన్నం దగ్గర మొదలైన బీట నునుపు పొడవునా నేలదాకా పాకి, సిమెంటు ముద్దని వెంటబెట్టుకుని కమోడు వెనక భాగం ఊడి పక్కకి ఒరిగింది. దానితోపాటే నేలలో గొట్టం మూతి పగిలింది. పైనున్న గంగమ్మ గొట్టం ఊడి ఉన్న నీళ్ళన్నీ కుమ్మరించింది. కాసేపటికి కింది ఫ్లాటావిడ కేకలు, వాళ్ళ వంటింట్లో పైకప్పు నుంచి కారుతోందట, అదీ ఏ నీళ్ళో తెలియడం లేదట.

పట్టాభిగారు ఆ నీళ్ళలోనే కూర్చుని ఉన్నారు. నేను ఆయన ఒళ్ళో ఉన్నాను. ఎడమ బోల్టు ఇంకా నన్ను వదల్లేదు. దాని చివర చేటంత పింగాణీ పెంకు, పెంకుకి ఆయన తొమ్మిదేళ్ళనాటి సిమెంటు, సిమెంటు మీద ఆయన నాలుగు వేళ్ళ అచ్చులు.

కింది కేకలు ఆగాక ఫోను తీశారు. తాయారుగారికి చేస్తారనుకున్నాను. చెయ్యలేదు.

“బావగారూ, రేపు కారు పంపించండి.”

అవతల వీరభద్రంగారు నవ్వలేదు. ఏం జరిగిందని కూడా అడగలేదు. “అలాగే బావా” అన్నారు, అంతే. నవ్వి ఉంటే బాగుండేది. పట్టాభిగారికి తిట్టడానికి ఒక మనిషైనా మిగిలేవాడు.

ఇప్పుడు నేను అపార్ట్‌మెంటు వెనకాల, జనరేటరు గది పక్కన పాతసామాను గుట్టలో ఉన్నాను. నాతోపాటు విరిగిన సైకిలు బుట్ట, రంగు డబ్బాలు, ఎవరిదో వాటరు ఫిల్టరు. పాత ఇనప సామాన్లవాడు రెండుసార్లు వచ్చాడు. నన్ను ఎత్తి, వెనకాల వేలాడే పెంకుని చూసి, “ప్లాస్టిక్కైతే ప్లాస్టిక్కు, రాయైతే రాయి, రెండూ కలిస్తే ఏం చేస్కోను” అని దించేశాడు. విడదీయడానికి వాడూ ప్రయత్నించాడు, పాపం. మేం విడిపోలేదు.

కొండబాబు చెప్పిన మంగళవారమే వచ్చాడు. మొత్తం గచ్చు తవ్వి గొట్టం మార్చాలన్నాడు. అందుకు కింది ఫ్లాటువాళ్ళ పైకప్పు కూడా తెరవాలి. వాళ్ళింట్లో పురుడు ఉంది, మూడు నెలలదాకా ఒప్పుకోమన్నారు. అలా అని కాగితం మీద సంతకం పెట్టించి అసోసియేషను ఆఫీసులో అంటించారు. మూడు నెలలే తాయారుగారికి ఎత్తు సీటు కావాల్సింది. ఆ తరవాత నేలమీది ఇల్లే వాడాలి, మెట్లెక్కకూడదని డాక్టరు కొత్తగా అన్నారట. ఈ అపార్ట్‌మెంటులో లిఫ్టు ఏడాదిలో సగం రోజులు పనిచెయ్యదు.

పట్టాభిగారు వాచ్‌మాన్ గది పక్క దొడ్డి వాడుకుంటున్నారు. సామర్లకోట వెళ్ళలేదు. వెళ్ళి ఏ మొహంతో ఆ హాల్లో కూర్చుంటారు? రోజూ సాయంత్రం అయిదింటికి ఇక్కడికొచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, తాయారుగారికి ఫోను చేస్తారు. ఇంట్లోంచి చెయ్యచ్చు. ఇంట్లోంచి చేస్తే ఆ బాత్రూము తలుపు ఎదురుగా కనిపిస్తుంది.

నిన్న వినిపించింది ఇదీ.

“ఎలా ఉన్నావు తాయారూ?”

“బాగానే ఉన్నానండి. వదిన చేతికందిస్తోంది అన్నీ. ఏ మాటకామాట, చాలా బాగా చూసుకుంటున్నారు.” ఆవిడే మళ్ళీ అందుకున్నారు. “అప్పుడు విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాను గదండీ. ఇప్పుడు లేవాలన్నా వాళ్ళే లేపాలి. పొద్దున్న వదిన లేపుతుంటే అదే గుర్తొచ్చింది.”

పట్టాభిగారు బకెట్టు మీద ముందుకి జరిగారు. “వాళ్ళేమన్నా అంటున్నారా?”

“ఏమీ అనట్లేదండి. నా ఎదట మీ పేరే ఎత్తట్లేదు.”

“నేను కొండబాబుతో మాట్లాడతన్నాను. కిందివాళ్ళు ఒప్పుకోకపోతే, మన వైపునుంచే గచ్చు కొంచెం కొంచెం తవ్వి, ఆ గొట్టం నేనే...”

“వద్దండీ.”

“కాదే, నేను జాగ్రత్తగా...”

“వద్దు. మీకు దణ్ణం పెడతాను, మీ చేత్తో మాత్రం ఇంకేమీ చెయ్యకండి.”

ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు. కోపంగా అనలేదు. నిమ్మళంగా, అలిసిపోయి, అందరూ ఎప్పటినుంచో అంటున్న మాటనే తనూ అన్నట్టు అన్నారు. పట్టాభిగారు “అలాగే” అన్నారు. ఆవిడ తిన్నారా అని అడిగితే, తిన్నానని ఈయన అబద్ధం చెప్పారు.

ఫోను జేబులో పెట్టుకుని లేచారు. నా మీద ఒక బాదం ఆకు ఎండి పడి ఉంది. తీసెయ్యడానికని వంగి చెయ్యి చాపారు. ఆకుదాకా వచ్చిన చెయ్యి అక్కడ ఆగింది. వెనక్కి తీసుకుని, వెళ్ళిపోయారు.